గాజు వీరుడి పాపకి పాలెవరు పట్టారు?

మా ఇంట్లో గొడవ లెక్కల మాస్టారి తల మీద మొదలైంది. మాట వరసకి అనడం లేదు. నిజంగానే ఆయన తల మీద, నడినెత్తిన, సుడి దగ్గర మొదలైంది.

మా ఆయన, మా బావగారు కలిసి సెలూన్ నడుపుతారు. ముందు గది షాపు. వెనక రెండు గదులు, ఒక వంటిల్లు. షాపుకీ ఇంటికీ మధ్య ఒక గుమ్మం. షాపులో రెండు కుర్చీలు. వీధి వైపుది బావగారిది, దాని వెనక గోడ మీద 'తొమ్మిది చందమామల రాజ్యం' పోస్టరు ఉంటుంది. అందులో బూడిద యువరాజు జుట్టు చెవుల మీదికి వేసుకుని, చుక్కల కొరడా పట్టుకుని, ఎటో చూస్తుంటాడు. లోపలి వైపు కుర్చీ మా ఆయనది. ఆ గోడ మీద గాజు వీరుడు. అతని ఒళ్లంతా గాజే. తుపాకీ గుండు తగిలితే పేల్చినవాడి దగ్గరికే తిరిగి వెళ్లిపోతుంది. యువరాజువి ఏడు భాగాలు వచ్చాయి, గాజు వీరుడివి తొమ్మిది. నేను ఒక్కటి కూడా మొదటి నుంచి చివరిదాకా చూడలేదు. చూడాల్సిన అవసరమూ రాలేదు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ షట్టరు ఎత్తింది మొదలు దించేదాకా అవే కదా వింటున్నాను.

"నీ గాజు వాడి మీద మా వంటింట్లో గిన్నె జారిపడితే చాలురా, భళ్లుమంటాడు," అంటారు బావగారు.

"పగిలితే అతుక్కుంటాడన్నయ్యా. నాలుగో భాగం చూసే మాట్లాడుతున్నావా? నీ యువరాజు ఏడు భాగాలూ దిక్కులు చూడ్డంతోనే సరిపోయింది."

"అది దిక్కులు చూడ్డం కాదురా. ఆలోచన! మీవాడికి ఆలోచించడానికి లోపలేముంది? ఇటు నుంచి చూస్తే అటు గోడ కనబడుతుంది."

ఇదీ వరస. గడ్డం గీయించుకునేవాళ్లు నురగ ముఖాలతోనే ఎవరో ఒకరి వైపు తల ఊపుతుంటారు. ఊపొద్దని ఇద్దరూ ఒకేసారి కసురుతారు. అప్పుడు మాత్రం ఒక మాట మీద ఉంటారు.

మా వాళ్ల షాపుకి ఒక పేరుంది, జోడు కత్తెర. తొందర మీద వచ్చినవాళ్లకి అన్నదమ్ములిద్దరూ కలిసి వేస్తారు. బావగారు ఎడమ చెవి నుంచి, మా ఆయన కుడి చెవి నుంచి మొదలుపెట్టి నడినెత్తిన సుడి దగ్గర కలుస్తారు. మామగారు నేర్పిన పద్ధతి. ఎనిమిది నిమిషాల్లో అయిపోతుంది. కొలత ఒకర్నొకరు అడగరు, ఒకరి కత్తెర చప్పుడు ఇంకొకరు వింటూ పోతారు.

ఆ సోమవారం లెక్కల మాస్టారు పరుగున వచ్చారు. గుర్తింపు కార్డుకి ఫొటో దిగాలట, ఆఫీసు పన్నెండింటికి మూసేస్తారట. జోడు కత్తెర కావాలన్నారు. కూర్చున్నాక ఊరుకుంటే బాగుండేది.

"ఇంతకీ ఆ ఇద్దరూ ఎదురుపడితే ఎవరు గెలుస్తారంటారు?" అని అడిగారు.

ఎనిమిది నిమిషాలు కాస్తా ఇరవై అయ్యాయి. అరుపులు వీధి చివరిదాకా వినబడ్డాయి. ఒకరి కత్తెర చప్పుడు ఇంకొకరికి వినబడలేదు. చివరికి సుడి దగ్గర కలిసేసరికి మాస్టారి ఎడమ సగం యువరాజులా చెవి మీదికి వాలి ఉంది, కుడి సగం గాజు వీరుడిలా నున్నగా, నెత్తికి అతుక్కుపోయి ఉంది. మధ్యలో మెట్టు.

మాస్టారు అద్దంలోకి చాలాసేపు చూశారు. "రెండు వైపులూ సమానం కాలేదు," అన్నారు నెమ్మదిగా.

ఇక చేసేదేముంది? పూర్తిగా గుండు చేసి పంపారు. ఆ ఫొటోలో ఆయన వెలిగిపోయారని తర్వాత అందరూ చెప్పుకున్నారు.

"నీవల్లే!" అన్నారు బావగారు.

"నావల్లా? నువ్వు చెవి మీద జుట్టు వదిలేస్తే నావల్లా?"

"నాన్న పేరు పోగొట్టావురా."

ఆ మాటతో మా ఆయన నోరు మూసుకున్నారు. బావగారు కూడా మూసుకున్నారు. మర్నాడు రెండు కుర్చీల మధ్య తెర కట్టారు. మెడకి కట్టే తెల్లగుడ్డలు నాలుగు కలిపి ఆ తెర కుట్టింది నేనే. కుట్టమంటే కుట్టాను, ఏం చేయను? ఆ రోజు నుంచి షాపులో కత్తెరల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

ఇక అసలు సంగతి. మా పాపకి పద్నాలుగు నెలలు. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడిపోయేంత ఉండేది. బావగారే గింజ అని పిలిచారు, అదే స్థిరపడిపోయింది. గింజ తిండి నా ప్రాణం మీదికి తెచ్చింది. నర్సమ్మ నెలకోసారి తూచి ఒక కార్డు మీద చుక్క పెడుతుంది. చుక్కల్ని కలిపితే గీత. ఎనిమిదో తరగతి మధ్యలోనే నా చదువు ఆగిపోయింది, కార్డు మీద రాసినవన్నీ నాకు అర్థం కావు. కానీ గీత పైకి పోవాలనీ, మా గింజ గీత పడుకుందనీ తెలుసు. ఆ కార్డు రోజుకి పదిసార్లు తీసి చూస్తాను, నేను చూడనప్పుడు గీత కాస్త లేచి ఉంటుందేమోనని.

"వచ్చే నెల కూడా ఇలాగే ఉంటే పెద్దాసుపత్రికి రాసిస్తానమ్మా," అంది పోయినసారి నర్సమ్మ. "అక్కడ చేర్చుకుంటారు. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోస్తారు. భయపడకు."

భయపడకు అన్నాక ఇంకెలా నిద్రపడుతుంది?

ఉన్న ఒకే ఒక్క ధైర్యం మా అక్క. అంటే మా తోటికోడలు. మధ్యాహ్నం గింజని గుమ్మం మీద కూర్చోబెట్టుకుని, షాపు వైపు తిప్పి, తనే ముద్దలు పెట్టేది. నా చేతిలో నోరు తెరవని పిల్ల ఆమె చేతిలో గిన్నెడూ తినేసేది. "అక్కా, నీ చేతిలో ఏదో ఉంది," అనేదాన్ని. "ఏముంది, ఉప్పుంది," అని నవ్వేది. ఆ మాట పైకి అనకపోయినా ఆమెకి గర్వంగానే ఉండేది.

తెర కట్టినప్పుడే షాపు గుమ్మం తలుపు కూడా మూసేశారు. వంటింట్లో కూర్చుని అక్క ముద్ద పెట్టింది. గింజ నోరు బిగించింది. రెండో రోజూ అంతే. మూడో రోజు ముద్ద తీసి అక్క జాకెట్టు మీద పెట్టింది.

"నా చేతికి ఏమైందే?" అంది అక్క. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "వాళ్లిద్దరూ కొట్టుకుంటే దీనికి నా మీద కోపమేమిటి?"

పాలు, అరటిపండు, గుడ్డు, మెత్తగా పిసికిన అన్నం, అన్నీ అయ్యాయి. పాలు రెండు గుటకలు, అంతే. ఐదో రోజుకి గింజ చేతి గాజులు మోచేతి దాకా పైకి పోతున్నాయి. నర్సమ్మ వచ్చే గురువారానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

శనివారం పొద్దున పిల్లని ఎత్తుకుని, గిన్నె పట్టుకుని, పెరటి గోడ దగ్గర నిలబడ్డాను. అవతలి సందులో ఇద్దరు ఆడవాళ్లు కుళాయి దగ్గర గొంతులు చించుకుంటున్నారు. నా బిందె ముందంటే నాది ముందని. గింజ అటు తిరిగింది. చెవులు నిక్కబొడుచుకుంది. నోరు తెరిచింది.

నేను ముద్ద పెట్టాను. మింగింది! ఇంకోటి పెట్టాను. మింగింది. బిందెలు నిండాయి, వాళ్లు వెళ్లిపోయారు. గింజ నోరు మూసేసింది.

గిన్నె అక్కడే గోడ మీద పెట్టి వంటింట్లోకి పరుగెత్తాను.

"అక్కా! నీ చెయ్యి కాదు! గోల! దీనికి గోల ఉంటేనే ముద్ద దిగుతుంది. పుట్టినప్పటి నుంచీ వాళ్ల అరుపుల మధ్యే తింది కదా!"

అక్క ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. నేను అంత సంతోషంగా చెప్పి ఉండాల్సింది కాదు. తర్వాత తనే తేరుకుని, "అయితే మనిద్దరం పోట్లాడుకుందామా?" అంది.

"దేని గురించి?"

"నువ్వే మొదలుపెట్టు."

ఆలోచించాను. మా ఇద్దరికీ ఇంతవరకు మాటా మాటా వచ్చింది లేదు. "నువ్వు నా దువ్వెన తీసుకున్నావు!" అన్నాను గట్టిగా.

"నువ్వే వాడుకో అన్నావుగా మొన్న?"

"అన్నాను. కానీ ఇప్పుడు నాకు కోపమొచ్చింది!"

"అయ్యో, ఇచ్చేస్తానుండు," అని లేచింది.

గింజ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నోరు తెరవలేదు సరికదా, జాలిపడినట్టు నా బుగ్గ నిమిరింది.

అప్పుడు నాకు తట్టింది. "మీ బూడిద యువరాజు ఒట్టి దద్దమ్మ," అన్నాను.

అక్క గిర్రున తిరిగింది. "ఎవడే దద్దమ్మ? ఐదో భాగంలో మూడు చందమామలు ఊడి పడుతుంటే ఒంటి చేత్తో ఆపాడు. మీ గాజు సీసా ఆపుతుందా?"

ఇంత గొంతు ఆమెలో ఉందని నాకు తెలియదు. గింజ నోరు తెరిచింది. నేను ముద్ద పెడుతూనే అరిచాను, "మావాడు ఊరంతటి మంటని ఒంట్లోకి తీసుకుని చల్లార్చాడు!" ఇంకో ముద్ద. "ఒళ్లు కరిగిపోయి అతుక్కోడానికి ఆరు నెలలు పట్టింది కదే, ఆ మాట చెప్పవేం?" ఇంకో ముద్ద. నాలుగు ముద్దలయ్యాక నాకు ఎనిమిదో భాగంలో దుర్మార్గుడి పేరు గుర్తు రాలేదు. తడబడ్డాను. గింజ నోరు మూసుకుంది.

"మనవల్ల కాదు చెల్లీ," అంది అక్క ఆయాసపడుతూ. "వాళ్లే కావాలి."

ఆదివారం షాపు కిటకిటలాడుతోంది. నేను షాపులోకి వెళ్లి నోరు విప్పింది లేదు ఎప్పుడూ. ఇప్పుడు వెళ్లి ఏదో ఒకటి అంటే ఇంకా చెడుతుందేమో. తెర ఉన్న చోట గోడే కడతారేమో. మేం వేరే ఇల్లు చూసుకోవాల్సొస్తే అక్కా ఉండదు, అరుపులూ ఉండవు. గింజ మణికట్టు చూశాను. గడియ తీశాను.

తలుపు తెరుచుకునేసరికి అందరూ నా వైపు చూశారు. బల్ల మీద లెక్కల మాస్టారు టోపీ పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఫొటో చూసి మనిషిని పోల్చుకోలేకపోయారట, జుట్టు వచ్చాక మళ్లీ దిగమన్నారట. జుట్టు వచ్చిందా లేదా అని అద్దంలో చూసుకుంటున్నారు. నేను గుమ్మం మీద, అక్క కూర్చునే చోటే, పిల్లని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"ఏవండీ, నాకో అనుమానం."

"పనిలో ఉన్నాను. లోపలికొచ్చాక చెప్తాను," అన్నారు మా ఆయన తల తిప్పకుండానే.

"గాజు వీరుడి గురించి."

కత్తెర ఆగింది. పెళ్లయిన కొత్తలో కూడా ఆయన నా వైపు అలా చూడలేదు. "అడుగు, అడుగు," అన్నారు.

"మూడో భాగంలో ఆయన పాపని ఉయ్యాల్లో పడుకోబెట్టి ఊరిని కాపాడ్డానికి వెళ్తాడంటారు కదా. వాళ్లావిణ్ణి అప్పటికే శత్రువులు ఎత్తుకుపోయారు. యుద్ధం మూడు రోజులు జరిగింది. తిరిగొచ్చేసరికి పాప నవ్వుతూ ఉంది. ఆ మూడు రోజులూ పాపకి పాలెవరు పట్టారండీ?"

మా ఆయన దువ్వెనతో తన తలే గోక్కున్నారు.

"అది... గాజు వీరుడి పాప కదా. లోపల గాజే. ఆకలి వేయదు."

తెర అవతల 'హుఁ' అని వినబడింది. బావగారు తన కుర్చీలో కూర్చున్న తాతగారితో, "అయ్యా, ఆ తెర అవతలాయనకి చెప్పండి. ఆ పాప అదే భాగం మొదట్లో పాల కోసం ఏడ్చి వీధంతా లేపింది," అన్నారు.

తాతగారు సగం నురగతో తెర వైపు తిరిగి, "పాల కోసం ఏడ్చిందట బాబూ," అన్నారు.

"అయితే ఏంటట?" అన్నారు మా ఆయన.

"అయితే ఏంటని అడుగుతున్నాడయ్యా."

గింజ పెదాలు కదిలాయి. ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. ఇక ఆలోచిస్తే లాభం లేదనుకున్నాను.

"బావగారూ, మీ యువరాజు సంగతీ నాకు అర్థం కాలేదు. ఏడు నెలల పిల్లాడప్పుడు కోట కూలిపోతే ఇనుప సేవకుడితో ఓడలో పంపించేశారు. పదకొండేళ్లు ఆ ఓడలోనే పెరిగాడంటారు. ఇనుప సేవకుడికి పాలెక్కడివి?"

తెర వెనక నుంచి, "ఓడలో ఏదో ఏర్పాటు ఉండే ఉంటుందమ్మాయ్," అన్న మాట నీరసంగా వచ్చింది.

"ఏదో అంటే?" మా ఆయన గొంతు లేచింది. ఈసారి తాతగారి కోసం ఆగలేదు. "ఏదో అంటే ఏంటన్నయ్యా? ఆవుందా? చందమామల మధ్య తిరిగే ఓడలో ఆవుని ఎక్కడ కట్టేశాడు నీ ఇనుప సేవకుడు?"

తెర ఒక్క లాగుడుకి ఊడి వచ్చింది. బావగారు కత్తి పట్టుకునే నిలబడి ఉన్నారు. "ఒరేయ్! నీవాడు కన్నకూతుర్ని వదిలేసి పోయాడురా! నావాడు పసివాడు! వాడి తప్పేముంది?"

"ఊరు తగలబడిపోతుంటే ఉయ్యాల ఊపుతూ కూర్చోమంటావా?"

"పక్కింట్లో అప్పగించి పోవచ్చుగా! ఒక్క మాట చెప్పి పోవడానికి నోరు కూడా గాజేనా?"

గింజ నోరు తెరుచుకుంది. గుహలా. నేను ముద్ద వేశాను.

"పదకొండేళ్లు, రోజుకి నాలుగుసార్లు చొప్పున," అన్నారు లెక్కల మాస్టారు బల్ల మీద నుంచి, "పదహారు వేల అరవై సార్లు పాలు పట్టాలి."

"విన్నావా అన్నయ్యా? పదహారు వేల అరవై!"

"మీరు ఊరుకోండి మాస్టారూ, మొన్నటిది చాలదా?"

తాతగారు కూడా తనకేదో తెలుసన్నట్టు చెయ్యెత్తారు. ఎవరూ వినిపించుకోలేదు. సద్దు మణుగుతుందనిపించినప్పుడల్లా నేను ఒక మాట అందించాను. 'మరి స్నానం ఎవరు చేయించారు?' అన్నాను. 'పళ్లొచ్చేటప్పుడు జ్వరమొస్తే?' అన్నాను. ఇద్దరూ నా వైపు కోపంగా చూసి, మళ్లీ ఒకరి మీద ఒకరు పడ్డారు. వెనక నుంచి అక్క కూడా, "ఇనుప చేతులతో ఎత్తుకుంటే పిల్లాడికి చలేయదా?" అంది. తన యువరాజు మీదే. పాపం, గింజ కోసం ఎంత త్యాగం!

వేళ్లకి గిన్నె అడుగు తగిలింది. చూసుకున్నాను. ఖాళీ. గింజ నా వేలు కొరుకుతోంది.

నాకు ఏడుపొచ్చింది. మా ఆయన చూసి అరవడం ఆపేశారు. "ఏమైంది? ఆ పాప గురించేనా? ఏడవకు. తిరిగొచ్చాడు కదా," అన్నారు.

బావగారు కత్తి తుడుచుకుంటూ, "దీని సంగతి తేలాల్సిందేరా తమ్ముడూ. రెండింట్లోనూ చిల్లుంది. ఒకటో భాగం నుంచి మళ్లీ చూద్దాం, పదహారూ. ఎక్కడో చెప్పే ఉంటారు," అన్నారు.

"ముందు నీవి చూద్దామన్నయ్యా, ఏడే కదా."

"కాదు, నీవే. పెద్ద తప్పు మీవాడిది."

ఎవరివి ముందు చూడాలన్న దాని మీద సాయంత్రం దాకా అరుచుకున్నారు. గింజ రెండోసారి కూడా తింది. తెర గుడ్డని నాలుగు ముక్కలు చేసి పిల్ల మెడకి కట్టే గుడ్డలు కుట్టాను.

ఆ పై వారం గురువారం నర్సమ్మ తూచింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి కార్డు మీద కొత్త చుక్క పాతదానికంటే పైన ఉంది. తల్లి కోడి వీపెక్కిన పిల్లలా, కొంచెం పైన, కానీ పైనే. మూడు వందల గ్రాములు!

"ఏం పెట్టావమ్మా?" అంది నర్సమ్మ.

ఎవరికీ చెప్పలేదు, ఆమెకి చెప్పాను. షాపు, తెర, కుళాయి, గాజు వీరుడి పాప, అన్నీ. నవ్వుతుందనుకున్నాను. ఆమె కలం మూత పెట్టి, కాస్త కోపంగా చూసింది.

"ఎవరు పట్టారేమిటి? పక్కింటి ముసలావిడ పట్టింది. మూడో రోజు మంటలప్పుడు వెనక కిటికీలో ఒక్క క్షణం కనిపిస్తుంది, చేతిలో పాలసీసాతో. మీవాళ్లు ఏం చూశారసలు? నేను నాలుగుసార్లు చూశాను. రేపు మా ఆయన గడ్డానికి మీ షాపుకే వస్తాడుగా, చెప్పమంటానుండు."

నేను ఆమె రెండు చేతులూ పట్టేసుకున్నాను.

"వద్దమ్మా! మీకు పుణ్యముంటుంది. ఇంకో పది నెలలు ఎవరికీ చెప్పకండి. దీనికి దంతాలన్నీ రానివ్వండి!"

ఆమె గింజ వైపు చూసింది, కార్డు వైపు చూసింది. "సరే, మా ఆయన్ని వేరే షాపులో గీయించుకోమంటాలే," అంది.

ఇంటికి వచ్చేసరికి షాపులోంచి అరుపులు మలుపు దాకా వినబడుతున్నాయి. గింజ నా భుజం మీద తల ఎత్తి, నోరు తెరిచింది.